హైడ్రాలిక్ రిపేరు షాపు నుంచి రిగ్గుల పనికి: అడుగు వేసే ముందు వేయవలసిన లెక్కలు



పీణ్య, హోసూరు, కోయంబత్తూరు, రూర్కెలా, షోలాపూర్ వంటి చోట్ల స్థిరపడిన మన కుటుంబాలలో చిన్న వర్క్‌షాపులు నడిపేవారు కొందరున్నారు. టిప్పర్ జాకీలు, ప్రెస్సులు, మట్టి తవ్వే యంత్రాల సిలిండర్లు బాగుచేయడం వీరి వృత్తి. పని బాగుందని పేరు వచ్చాక ఏదో ఒక రోజు ఒక బోరు బండి యజమాని వచ్చి, "మా రిగ్గు పంపు కూడా చూడండి, ఇంకా నాలుగు బళ్ళు మావే ఉన్నాయి" అంటాడు. ఇంట్లో ఆశ పుడుతుంది. అప్పు తెచ్చి షాపు పెంచుదామా, వద్దా అనే ప్రశ్న వస్తుంది. ఇల్లు తాకట్టు పెట్టే మాట కూడా వస్తుంది. అదే ఇంట్లో ఒక అబ్బాయి డిప్లొమా, ఒక అమ్మాయి బి.కాం. చదువుతుంటే, ఈ ప్రశ్నకు జవాబు సగం అబ్బాయి పుస్తకంలో, సగం అమ్మాయి పుస్తకంలో ఉంటుంది. ఈ పాఠంలో ఆ రెండు సగాలనూ కలిపి చూద్దాం. పెన్ను, కాగితం దగ్గర పెట్టుకుని చదవవలసిందిగా మనవి.

1. హైడ్రాలిక్స్ అంటే ఏమిటి?

మూసి ఉన్న ద్రవం మీద ఒక చోట ఒత్తిడి పెడితే అది అన్ని వైపులకూ సమానంగా వ్యాపిస్తుంది. ఇది 17వ శతాబ్దపు ఫ్రెంచి శాస్త్రవేత్త పాస్కల్ చెప్పిన సూత్రం. దీని ఆధారంగానే 1795లో ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా హైడ్రాలిక్ ప్రెస్సుకు పేటెంటు పొందాడు. ఈనాటి రిగ్గు వరకు అన్నింటికీ ఒకటే లెక్క.

బలం = ఒత్తిడి × వైశాల్యం

ఉదాహరణకు సిలిండరు లోపలి వ్యాసం 10 సెం.మీ. అనుకుందాం. వైశాల్యం 3.14 × 5 × 5 = 78.5 చదరపు సెం.మీ. నూనె ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 150 కిలోలు. అప్పుడు తోసే బలం 78.5 × 150 = 11,775 కిలోలు, అంటే దాదాపు 12 టన్నులు.

అదే సిలిండరు లోపలికి లాగేటప్పుడు బలం తగ్గుతుంది, ఎందుకంటే రాడ్డు ఉన్నంత మేర నూనెకు చోటు ఉండదు. రాడ్డు వ్యాసం 6 సెం.మీ. అయితే దాని వైశాల్యం 28.26. మిగిలేది 50.24 చదరపు సెం.మీ. లాగే బలం 50.24 × 150 = 7,536 కిలోలు.

ఇప్పుడు బోరులోకి వెళ్దాం. ఒక్కో డ్రిల్ రాడ్డు 20 అడుగుల పొడవు, 100 కిలోల బరువు అనుకుంటే 1,000 అడుగుల బోరులో 50 రాడ్లు, 5,000 కిలోలు వేలాడుతుంటాయి. గొలుసు, పుల్లీల లెక్క పక్కన పెట్టి సిలిండరే నేరుగా లాగుతోందనుకుందాం. ఒత్తిడి 150 ఉంటే 7,536 కిలోల బలంతో సులువుగా పైకి వస్తాయి. పంపు అరిగి, సీళ్ళు కారి ఒత్తిడి 90కి పడిపోతే బలం 50.24 × 90 = 4,522 కిలోలే. రాడ్లు పైకి రావు. రాడ్లూ హామరూ భూమిలో ఇరుక్కుపోయే ప్రమాదం వస్తుంది. రిగ్గు యజమానికి నిద్ర పట్టనిది ఇందుకే. ఒక సీల్ కిట్ ఖరీదు కోసం మొత్తం రాడ్ల వరుసను పోగొట్టుకోవాలని ఎవరూ అనుకోరు.

2. రిగ్గులో మన పని ఎక్కడ ఉంది?

చాలామంది రిగ్గు అంతా హైడ్రాలిక్ అనుకుంటారు. అది నిజం కాదు. మన ప్రాంతాల గట్టి రాతిలో బోరు వేసేది గాలి. కంప్రెసర్ నుంచి వచ్చే గాలి బోరు అడుగున ఉన్న హామరును కొట్టిస్తుంది, రాతి పొడిని పైకి తోస్తుంది. 1,100 సి.ఎఫ్.ఎం., 350 పి.ఎస్.ఐ. అని యజమానులు చెప్పే అంకెలు ఈ కంప్రెసర్‌వి. 350 పి.ఎస్.ఐ. అంటే సుమారు 24 బార్.

హైడ్రాలిక్ నూనె చేసే పనులు వేరు. బండిని నేల మీద నిలబెట్టే జాకీలు, మాస్టును పైకెత్తే సిలిండర్లు, రాడ్లను తిప్పే రొటేషన్ మోటారు, రాడ్లను కిందికి నొక్కి పైకి లాగే ఫీడు సిలిండరు లేదా ఫీడు మోటారు, వీటన్నిటికీ నూనె పంపే పంపులు, దారి మళ్ళించే వాల్వులు, హోస్ పైపులు. ఇవీ మన పని. హామరు, బిట్టు, కంప్రెసర్ స్క్రూ భాగం వేరే విద్యలు. "అన్నీ మేమే చేస్తాం" అని ఒప్పుకోవడం పేరు పోగొట్టుకోవడానికి దగ్గరి దారి.

3. రిగ్గులలో రకాలు, ఊళ్ళు

రిగ్గు పరిశ్రమ అంటే ఒకే మార్కెట్టు కాదు.

(అ) నీటి బోరు రిగ్గులు: తమిళనాడులో నామక్కల్ జిల్లా తిరుచెంగోడు ఈ బళ్ళకు దేశంలోనే పేరుపొందిన ఊరు. అక్కడి బళ్ళు ఎన్నో రాష్ట్రాలు తిరుగుతాయి. రిగ్గులు తయారుచేసే సంస్థలు తిరుచెంగోడు, కోయంబత్తూరు, హైదరాబాద్‌లలో ఉన్నాయి. తెలుగు ఎక్కువగా వినిపించే కోలారు జిల్లాలో వెయ్యి అడుగులు దాటిన బోర్లు మామూలు. లోతు పెరిగినకొద్దీ హైడ్రాలిక్స్ మీద భారం పెరుగుతుంది.

(ఆ) గనుల రిగ్గులు: పేలుడు మందు పెట్టడానికి రంధ్రాలు వేసేవి. బళ్ళారి, కెందుఝర్ ఇనుప గనులు, తాల్చేర్, చంద్రపూర్ బొగ్గు గనులు వీటి చోట్లు. ఇక్కడ టెండర్లు, వెండర్ రిజిస్ట్రేషన్, గనిలోకి వెళ్ళే కార్మికులకు శిక్షణ పత్రాలు అవసరం.

(ఇ) పైలింగ్ రిగ్గులు: వంతెనలు, మెట్రో స్తంభాల పునాదులకు వాడేవి. ఖరీదైన పిస్టన్ పంపులు, ఎలక్ట్రానిక్ కంట్రోళ్ళు ఉంటాయి.

(ఈ) చమురు రిగ్గులు: యానాం చుట్టుపక్కల కృష్ణా గోదావరి బేసిన్‌లో కనిపించేవి. హైదరాబాద్‌కు చెందిన మేఘా ఇంజినీరింగ్ సంస్థ ఓ.ఎన్.జి.సి. కోసం తయారుచేసిన హైడ్రాలిక్ రిగ్గు 2021లో గుజరాత్‌లో పనిలోకి దిగింది. చిన్న షాపు మొదటి అడుగు ఇక్కడ వేయడం కష్టం. సర్టిఫికెట్లూ, పరీక్ష రికార్డులూ లేకుండా గేటు దాటనివ్వరు.

చిన్న షాపు మొదట వెళ్ళగలిగేది నీటి బోరు రిగ్గులకే. కాబట్టి మిగతా పాఠం వాటి గురించే.

4. పాత పనికీ రిగ్గు పనికీ తేడా

మొదటిది సమయం. ప్రెస్సు ఆగితే ఫ్యాక్టరీ వేరే యంత్రం మీద పని చేసుకుంటుంది. రిగ్గు ఆగితే బండి మొత్తం ఆగుతుంది. పనివారి జీతం, తిండి, బండి వాయిదా ఆగవు. రైతు కూడా పొలంలో ఎదురుచూస్తుంటాడు. అందుచేత రిగ్గు యజమాని ధర దగ్గర కంటే గంట దగ్గర ఎక్కువ బేరం ఆడతాడు. పంపు విప్పాక సీలు కోసం బెంగుళూరు మనిషిని పంపే షాపు ఆయనకు పనికిరాదు.

రెండవది దుమ్ము. రాతి పొడి రాడ్డు మీద పడి, సీలు అంచును కోసి, నూనెలో కలుస్తుంది. కంటికి కనిపించే అతి చిన్న కణం సుమారు 40 మైక్రాన్లు. పిస్టన్ పంపులో, వాల్వు స్పూలు దగ్గర ఖాళీలు కొద్ది మైక్రాన్లే. అంటే పంపును చంపే దుమ్ము మనకు కనిపించదు. నూనె శుభ్రతను కొలవడానికి ఐ.ఎస్.ఓ. 4406 అనే ప్రమాణం ఉంది. 4, 6, 14 మైక్రాన్లకు మించిన కణాలు ఒక మిల్లీలీటరులో ఎన్ని ఉన్నాయో మూడు అంకెలలో చెబుతుంది. అంకె ఒకటి పెరిగితే కణాల హద్దు సుమారు రెట్టింపు అవుతుంది. కొత్త పంపు బిగించి పాత మురికి నూనె పోస్తే అది తొందరలోనే తిరిగి మన షాపుకే వస్తుంది. తప్పు మన మీదే పడుతుంది.

మూడవది చోటు. పని షాపులో మాత్రమే కాదు, ఏదో ఊరి చివర చెట్టు కింద కూడా చేయాలి. అక్కడ లేతు ఉండదు, శుభ్రమైన బల్ల ఉండదు. అందుకే సైటులో విప్పి బాగుచేయడం కంటే, షాపులో సిద్ధంగా ఉంచిన మారు పంపు బిగించి, చెడినదాన్ని షాపుకు తెచ్చుకోవడం మంచి పద్ధతి.

నాలుగవది కాలం. వేసవిలో ఊపిరి సలపని పని, వానల్లో ఖాళీ. దీని సంగతి లెక్కల్లో చూద్దాం.

5. టెస్ట్ బెంచ్ ఎందుకు?

అరిగిన పంపు కూడా ఒత్తిడి లేనప్పుడు దాదాపు పూర్తి నూనె ఇస్తుంది. బకెట్టులో పోసి చూసి "బాగుంది" అనడం అందుకే మోసపోవడం. నిమిషానికి 60 లీటర్లు ఇవ్వవలసిన పంపు 150 బార్ ఒత్తిడి దగ్గర 42 లీటర్లే ఇస్తే దాని సామర్థ్యం 42 ÷ 60 = 70 శాతం. మిగిలిన 18 లీటర్లు లోలోపల కారి వేడిగా మారుతున్నాయి. నూనె వేడెక్కి పలుచనై ఇంకా ఎక్కువ కారుతుంది. ఉదయం బాగా నడిచిన రిగ్గు మధ్యాహ్నానికి నీరసించడానికి ఇదొక కారణం.

పంపుకు కావలసిన శక్తి లెక్క ఇది: కిలోవాట్లు = బార్ × లీటర్లు ÷ 600. అంటే 150 × 60 ÷ 600 = 15 కిలోవాట్లు. ఇది సిద్ధాంతం లెక్క, నష్టాలు కలిపితే ఇంకా ఎక్కువ కావాలి. టెస్ట్ బెంచ్ కొనే ముందు మీ షాపు కరెంటు కనెక్షన్ ఆ లోడుకు సరిపోతుందో లేదో చూడండి. లోడు పెంచుకునే ఖర్చును పెట్టుబడిలో రాయడం చాలామంది మరచిపోతారు.

6. పెట్టుబడి లెక్క

ఇక్కడి అంకెలన్నీ లెక్క నేర్చుకోవడానికి ఊహించినవి. మీ ఊరి కొటేషన్లు తెచ్చి ఇదే పద్ధతిలో వేసుకోండి.

ఇప్పటి షాపు అమ్మకం ఏడాదికి రూ. 36 లక్షలు అనుకుందాం. కొత్తగా కావలసినవి:

టెస్ట్ బెంచ్: రూ. 7,00,000
హోస్ పైపులు బిగించే క్రింపింగ్ మిషను: రూ. 2,00,000
పాత సర్వీసు వ్యాను: రూ. 4,00,000
సీళ్ళు, హోసులు, మారు పంపు నిల్వ: రూ. 3,00,000
మొత్తం: రూ. 16,00,000

సొంత డబ్బు రూ. 4 లక్షలు, బ్యాంకు అప్పు రూ. 12 లక్షలు. 11 శాతం వడ్డీకి 5 ఏళ్ళలో తీర్చాలంటే లక్షకు నెల వాయిదా రూ. 2,174. పన్నెండు లక్షలకు సుమారు రూ. 26,100.

రిగ్గుల పని కోసం నెలనెలా తప్పనిసరిగా పెరిగే ఖర్చు:

ఇద్దరు పనివారి జీతం: రూ. 50,000
వ్యాను ఖర్చు: రూ. 12,000
అదనపు అద్దె, కరెంటు: రూ. 12,000
బీమా, ఇతరాలు: రూ. 3,900
బ్యాంకు వాయిదా: రూ. 26,100
మొత్తం: రూ. 1,04,000

ప్రతి రూ. 100 బిల్లులో సీళ్ళు, క్రోమ్ ప్లేటింగ్, నూనె, డీజిలు కింద రూ. 48 పోతే మిగిలేది రూ. 52. దీన్నే కామర్సులో కాంట్రిబ్యూషన్ అంటారు. పరీక్షలో బ్రేక్ ఈవెన్ లెక్కకు స్థిర ఖర్చులే తీసుకుంటారు, అసలు వాయిదా కలపరు. ఇంటి లెక్కకు మాత్రం వాయిదా కూడా కలపాలి, ఎందుకంటే అది ప్రతి నెలా జేబులోంచి పోయేదే.

1,04,000 ÷ 0.52 = 2,00,000

అంటే నెలకు రూ. 2 లక్షల రిగ్గు పని వస్తేనే ఒడ్డున పడతాం. ఏడాదికి రూ. 24 లక్షలు. పాత పని తగ్గకుండా దీన్ని అదనంగా తేగలమా అన్నది మొదటి ప్రశ్న.

7. వేసవి డబ్బు, వానాకాలం వాయిదా

పని ఇలా వస్తుందనుకుందాం.

ఫిబ్రవరి నుంచి మే వరకు 4 నెలలు, నెలకు రూ. 3,50,000: మొత్తం రూ. 14,00,000
డిసెంబరు, జనవరి, జూన్, జూలై 4 నెలలు, నెలకు రూ. 1,60,000: మొత్తం రూ. 6,40,000
ఆగస్టు నుంచి నవంబరు వరకు 4 నెలలు, నెలకు రూ. 1,00,000: మొత్తం రూ. 4,00,000
ఏడాది మొత్తం: రూ. 24,40,000

ఏడాది లెక్కలో గీత దాటాము. నెలల వారీగా చూడండి. వేసవి నెలలో మిగిలేది 1,82,000 − 1,04,000 = రూ. 78,000. నాలుగు నెలలకు రూ. 3,12,000. మధ్యరకం నెలలో కాంట్రిబ్యూషన్ రూ. 83,200, తక్కువ పడేది రూ. 20,800, నాలుగు నెలలకు రూ. 83,200. ఖాళీ నెలలో కాంట్రిబ్యూషన్ రూ. 52,000, తక్కువ పడేది రూ. 52,000, నాలుగు నెలలకు రూ. 2,08,000. వెరసి ఏడాదికి మిగిలేది రూ. 20,800 మాత్రమే. వేసవిలో మిగిలిన మూడు లక్షలను చూసి ఇంట్లో ఖర్చు పెట్టినవారు అక్టోబరులో వాయిదా కట్టలేరు.

ఇప్పుడు అసలు చిక్కు. వేసవి బిల్లుల్లో 40 శాతం "సీజను అయ్యాక ఇస్తాం" అన్నారనుకోండి. 14 లక్షల్లో 5.6 లక్షలు బాకీ. కాగితం మీద వేసవి మిగులు రూ. 3.12 లక్షలు. చేతిలో మాత్రం రూ. 2.48 లక్షలు లోటు. దీనికి తోడు జి.ఎస్.టి. బిల్లు వేసిన లెక్కన కట్టాలి, డబ్బు వచ్చిన లెక్కన కాదు. రిపేరు సేవ మీద అది 18 శాతం.

నా సర్వీసులో లెడ్జర్లు చూసిన అనుభవంతో చెబుతున్నాను. చిన్న షాపుల ఖాతాలు చెడినచోట పని రాకపోవడం కంటే, పని చేసిన డబ్బు రాకపోవడమే ఎక్కువగా కనిపించేది. ఖాతాలో ప్రతిరోజూ డెబిట్లు ఉండేవి, క్రెడిట్లు నెలకు ఒకటో రెండో. లిమిటు నిండిపోయాక యజమాని సీళ్ళు కొనడానికి బయట వడ్డీకి తెచ్చేవాడు. అక్కడి నుంచి దిగజారడం ఎంతోకాలం పట్టేది కాదు.

దీనికి మూడు మార్గాలున్నాయి.

మొదటిది, ఖాళీ నెలలను నింపడం. వానల్లో రిగ్గులు నిలిచి ఉంటాయి కాబట్టి సిలిండర్లు, పంపులు పూర్తిగా విప్పి చూసే సమయం అదే. "ఏడాదికోసారి ఓవర్‌హాలు, ఇంత ధర" అని ముందే చెప్పి, ఆరు బళ్ళు రూ. 60,000 చొప్పున ఒప్పించగలిగితే రూ. 3,60,000 పని. కాంట్రిబ్యూషన్ రూ. 1,87,200. ఖాళీ నెలల లోటు రూ. 2,08,000లో దాదాపు అంతా పూడుతుంది. వేసవిలో ఆ బళ్ళు నడిరోడ్డున ఆగకపోవడం యజమానికీ లాభమే.

రెండవది, బాకీకి హద్దు. ఒక్కో యజమానికి ఇంత మొత్తం, ఇన్ని రోజులు అని పుస్తకంలో రాసి, దాటితే పాత డబ్బు వచ్చాకే కొత్త పని చేయాలి. విడి భాగాల ఖరీదు ముందే తీసుకుని, కూలి మాత్రమే బాకీ పెట్టడం నడిమార్గం.

మూడవది, చట్టం. 2006 నాటి ఎం.ఎస్.ఎం.ఇ. అభివృద్ధి చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థల బిల్లు ఒప్పందంలోని గడువులోగా చెల్లించాలి. ఆ గడువు 45 రోజులు మించకూడదు. ఒప్పందం లేకపోతే 15 రోజులు. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చొప్పున నెలవారీ చక్రవడ్డీ. అయితే పని చేయడానికి ముందే ఉద్యం నమోదు ఉండాలి. ఈ నమోదు 2020 జూలై 1 నుంచి అమలులో ఉంది, దానికి రుసుము లేదు. తెలిసిన యజమాని మీద ఎవరూ కేసు వేయరు. కానీ బిల్లు మీద ఉద్యం నంబరు, గడువు తేదీ అచ్చువేసి ఉంటే డబ్బు అడగడానికి నోరు వస్తుంది.

8. బ్యాంకు ఏం చూస్తుంది?

రోజువారీ పెట్టుబడికి నాయక్ కమిటీ పద్ధతి ఉంది. రూ. 5 కోట్ల వరకు లిమిట్లకు, అంచనా అమ్మకంలో 25 శాతం అవసరమని లెక్కించి, అందులో 20 శాతం బ్యాంకు ఇస్తుంది, 5 శాతం మనం పెట్టాలి. పాతవి 36 లక్షలు, కొత్తవి 24 లక్షలు కలిపి అమ్మకం 60 లక్షలైతే అవసరం 15 లక్షలు, బ్యాంకు 12, మన వంతు 3. ఆ మూడు లక్షలు పైన చెప్పిన నాలుగు లక్షలకు అదనం. అంటే ఇంట్లో సిద్ధంగా ఉండవలసింది ఏడు లక్షలు.

హామీ విషయం. 2000లో ఏర్పడిన సి.జి.టి.ఎం.ఎస్.ఇ. ట్రస్టు పథకం కింద ఆస్తి తాకట్టు లేకుండా సూక్ష్మ, చిన్న సంస్థలకు అప్పు ఇవ్వవచ్చు. 2025 ఏప్రిల్ నుంచి దాని హద్దు రూ. 10 కోట్లు. గ్యారంటీ రుసుము ఉంటుంది, అప్పు మాత్రం పూర్తిగా మనదే. ముద్రా పథకం 2015లో మొదలైంది. తరుణ్ విభాగంలో రూ. 10 లక్షల వరకు ఇస్తారు. అది తీసుకుని సక్రమంగా తీర్చినవారికి 2024లో ఆ హద్దును రూ. 20 లక్షలకు పెంచారు. ఇల్లు తాకట్టు పెట్టే కాగితం మీద సంతకం చేసే ముందు, ఈ రెండు దారుల గురించి బ్రాంచిలో లిఖితపూర్వకంగా అడగండి.

బ్యాంకు అధికారి చూసేవి మామూలు విషయాలే: మూడేళ్ళ ఆదాయపు పన్ను రిటర్నులు, జి.ఎస్.టి. రిటర్నులు, ఖాతాలో నడిచిన లావాదేవీలు, పరికరాల కొటేషన్లు, ఇద్దరు ముగ్గురు రిగ్గు యజమానుల దగ్గర నుంచి పని ఇస్తామన్న ఉత్తరాలు. నగదులో తీసుకుని పుస్తకంలో రాయని అమ్మకం బ్యాంకు కంటికి లేనట్టే.

9. మూడు మెట్లు

ఒకేసారి రూ. 16 లక్షలు పెట్టనవసరం లేదు.

మొదటి మెట్టు: హోస్ క్రింపింగ్, సిలిండర్ల సీళ్ళు. రెండు లక్షల మిషను, కొంత నిల్వ. ఒక వేసవి నడపండి. ఏ మోడళ్ళు వస్తున్నాయి, ఎవరు డబ్బు సరిగా ఇస్తున్నారు అన్నది తెలుస్తుంది.

రెండవ మెట్టు: పంపులు, మోటార్లు, టెస్ట్ బెంచ్. మొదటి వేసవి బాకీలు మూడొంతులు వసూలయ్యాకే.

మూడవ మెట్టు: సైటు సర్వీసు వ్యాను, మారు పంపుల నిల్వ. అప్పటికి షాపులో లేకపోయినా పని నడిపించగల మనిషి ఒకరు తయారై ఉండాలి.

ప్రతి పనికీ ఒక జాబ్ కార్డు రాయండి: బండి నంబరు, పంపు మోడలు, వచ్చినప్పుడు ఒత్తిడి ఎంత, పంపినప్పుడు ఎంత, నూనె, ఫిల్టరు మార్చారా లేదా. వారంటీ వివాదం వచ్చినప్పుడు ఈ కార్డే సాక్షి.

ఒక హెచ్చరిక. ఒకే ఊరి నాలుగు బళ్ళ మీద, ఒకే వేసవి మీద ఆధారపడవద్దు. భూగర్భ జలాలు తగ్గుతున్నచోట ప్రభుత్వాలు బోర్ల మీద నియంత్రణ పెడతాయి. ఆంధ్రలో 2002 నాటి వాల్టా చట్టం, కర్ణాటకలో 2011 నాటి భూగర్భ జల చట్టం అటువంటివే. పాడుబడ్డ బోరుబావుల్లో పిల్లలు పడి చనిపోవడంతో 2010లో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. బోరు వేయడానికి 15 రోజుల ముందు అధికారులకు తెలపాలని, డ్రిల్లింగ్ సంస్థలకు నమోదు ఉండాలని వాటిలో ఉంది. నమోదు లేని బళ్ళ పని మీద షాపు నిలబెట్టడం మంచిది కాదు. పాత ఖాతాదారులైన ప్రెస్సు, టిప్పర్ వారిని వేసవి రద్దీలో నిర్లక్ష్యం చేయవద్దు. వానాకాలంలో అన్నం పెట్టేది వారే.

10. ప్రాణానికి సంబంధించిన మూడు మాటలు

హోసుకు సూదిమొన అంత రంధ్రం పడితే నూనె చర్మంలోకి దూసుకుపోగలదు. కారుతున్న చోటును చేత్తో తడమకూడదు, అట్ట ముక్క పెట్టి చూడాలి. గాయం చీమ కుట్టినంత చిన్నగా ఉన్నా వెంటనే పెద్దాసుపత్రికి వెళ్ళాలి. ఆలస్యమైతే వేలు, చెయ్యి తీసేయవలసి రావచ్చు.

ఇంజను ఆపినా సిలిండరులో ఒత్తిడి మిగిలి ఉంటుంది. మాస్టుకు, జాకీకి గట్టి ఆధారం పెట్టి, ఒత్తిడి వదిలాకే నట్టు విప్పాలి.

రాతి పొడి ఊపిరితిత్తులకు సిలికోసిస్ అనే నయంకాని జబ్బు తెస్తుంది. సైటుకు వెళ్ళే కుర్రవాడికి సరైన మాస్కు కొనడం కూడా పెట్టుబడే.

11. ఏమి చదవాలి?

పదో తరగతి తర్వాత ఐ.టి.ఐ.లో ఫిట్టర్, టర్నర్, మెషినిస్ట్, డీజిల్ మెకానిక్ ట్రేడులు ఈ పనికి పునాది. మెకానికల్ డిప్లొమా వారు ఫ్లూయిడ్ పవర్ సబ్జెక్టును శ్రద్ధగా చదవాలి. బెంగుళూరులో ప్రభుత్వ టూల్ రూమ్ శిక్షణ కేంద్రం, ఎన్.టి.టి.ఎఫ్., భువనేశ్వర్‌లో సెంట్రల్ టూల్ రూమ్, మహారాష్ట్రలో ఛత్రపతి శంభాజీనగర్‌లోని ఇండో జర్మన్ టూల్ రూమ్ మంచి శిక్షణ సంస్థలు. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద స్టైపెండుతో ఫ్యాక్టరీలలో పని నేర్చుకోవచ్చు. కామర్సు చదివే పిల్లలు కాస్ట్ అకౌంటింగ్‌లోని జాబ్ కాస్టింగ్, మార్జినల్ కాస్టింగ్ అధ్యాయాలను ఇంటి షాపు లెక్కలతో అభ్యాసం చేస్తే పరీక్షకూ, ఇంటికీ ఉపయోగం.

తల్లిదండ్రులకు ఒక మనవి. షాపు పుస్తకాలను పిల్లలకు చూపించండి. నాన్న వేసవిలో ఎందుకు నవ్వుతాడో, అక్టోబరులో ఎందుకు మౌనంగా ఉంటాడో పిల్లలకు తెలియడం వారి చదువులో భాగమే.

అభ్యాసం

1. సిలిండరు లోపలి వ్యాసం 8 సెం.మీ., ఒత్తిడి 150 అయితే తోసే బలం ఎంత?
2. నిమిషానికి 50 లీటర్లు ఇవ్వవలసిన పంపు ఒత్తిడి దగ్గర 40 లీటర్లు ఇస్తే సామర్థ్యం ఎంత శాతం?
3. పై ఉదాహరణలో వ్యాను కొనకుండా ఆపితే, వ్యాను ఖర్చు రూ. 12,000, దాని అప్పు రూ. 4 లక్షల వాయిదా తగ్గుతాయి. అప్పుడు నెలకు ఎంత పని వస్తే ఒడ్డున పడతాం?
4. అంచనా అమ్మకం రూ. 40 లక్షలైతే నాయక్ పద్ధతిలో బ్యాంకు ఇచ్చేది ఎంత, మన వంతు ఎంత?

జవాబులు: 1. వైశాల్యం 50.24, బలం 7,536 కిలోలు. పాఠంలోని 10 సెం.మీ. సిలిండరు లాగే బలంతో ఇది ఎందుకు సమానమైందో ఆలోచించండి. 2. 80 శాతం. 3. వాయిదా తగ్గేది సుమారు రూ. 8,700. నెల ఖర్చు రూ. 83,300. దాన్ని 0.52తో భాగిస్తే సుమారు రూ. 1,60,200. 4. బ్యాంకు రూ. 8 లక్షలు, మన వంతు రూ. 2 లక్షలు.

మూడవ లెక్క జవాబును పైన మధ్యరకం నెలల పనితో పోల్చి చూడండి. వ్యాను ఒక్కటి ఆలస్యం చేస్తే ఆ నాలుగు నెలల లోటు దాదాపు మాయమవుతుంది. ఏది ముందు కొనాలి, ఏది తర్వాత కొనాలి అన్నది ఇటువంటి లెక్కతోనే తేలుతుంది.